ఫొటోగ్రాఫర్ గారి అబ్బాయి

భీమవరంలో అల్లూరి సీతారామరాజు కంచు విగ్రహం ముందు మా మేనల్లుడు మెడ వెనక్కి వాల్చి చాలాసేపు నిలబడ్డాడు. 30 అడుగుల విగ్రహం అది. 2022 జులై 4న, ఆయన 125వ జయంతి నాడు ప్రధానమంత్రి ఆవిష్కరించింది. వాడు తల దించకుండానే అడిగాడు: “మావయ్యా, విల్లు పట్టకముందు ఈయన ఎలా ఉండేవారు?”

ఈయనెవరని అడగలేదు వాడు. ఆ సంగతి మా వైపు పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి ముందు సంగతి కావాలి వాడికి.

అలా అడగడానికి కారణం ఉంది. ఆ వేసవంతా వాడు జి.ఐ. జో బొమ్మల కథల్లో మునిగి ఉన్నాడు. అందులో స్నేక్ ఐస్ అని ఒక సైనికుడు. నల్ల దుస్తులు, నల్ల ముసుగు, నోట మాట లేదు. అసలు పేరు రహస్యం. 1982లో హాస్‌బ్రో కంపెనీ ఆటబొమ్మలు తయారుచేస్తూ, రంగుల ఖర్చు కలిసొస్తుందని ఒక బొమ్మని నల్ల ప్లాస్టిక్‌తోనే వదిలేసింది. ఆ నలుపులోంచి మార్వెల్ రచయిత ల్యారీ హామా ఒక మనిషిని పుట్టించాడు. 1984 మార్చి సంచికలో ఒక్క మాట కూడా లేకుండా, ఉత్త బొమ్మలతోనే అతని కథ నడిపాడు. అదే ఏడాది 26, 27 సంచికల్లో గతం విప్పాడు: వియత్నాం యుద్ధం నుంచి ఇంటికి వచ్చిన రోజునే తనవాళ్లంతా కారు ప్రమాదంలో పోయారని తెలియడం, తోటి సైనికుడి కుటుంబం దగ్గర జపాన్‌లో యుద్ధవిద్య నేర్చుకోవడం, తర్వాత ఒక హెలికాప్టర్ ప్రమాదంలో మొహం, గొంతు పోవడం. మావాడు ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, “అందుకే అలా అయిపోయాడు” అన్నాడు.

ఆ ‘అందుకే’ దగ్గర నా మనసు ఆగిపోయింది. వీరుడి పూర్వకథ బలమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. సీతారామరాజు విషయంలో గోదావరి జిల్లాల వాళ్లం వందేళ్లుగా వెతుక్కుంటున్నదీ ఆ మాటనే. చిన్నప్పుడు తెల్లదొరకి సలాం కొట్టినందుకు వాళ్ల నాన్న చెంపమీద కొట్టాడని మా అమ్మమ్మ చెప్పేది. అందుకే తిరగబడ్డాడురా అని ముగించేది. ఆ వయసులో నాకది చాలింది.

ఇప్పుడు నన్ను పట్టి లాగేది ఆ దెబ్బ కాదు, ఆ నాన్న. వెంకటరామరాజు గారు ఫొటోగ్రాఫరు. సొంతూరు భీమవరం దగ్గర మోగల్లు. రాజమండ్రి సెంట్రల్ జైల్లో పనిచేశారు. జైలు ఫొటోగ్రాఫరంటే ఎవరి మొహాలు తీస్తాడో వేరే చెప్పాలా! ఆ రోజుల్లో కెమెరా అంటే మూడు కాళ్ల కొయ్య మీద పెద్ద పెట్టె, నల్లగుడ్డ, గాజు పలక. ఎదుటి మనిషి కదలకుండా నిలబడాలి. సర్కారు లెక్క కోసం మనుషుల్ని అలా నిలబెట్టి తీసే చేతులే ఇంటికొచ్చి కొడుకు తల నిమిరి ఉంటాయి. నేను బొమ్మల కథ రాసేవాణ్నయితే మొదటి పేజీ అక్కడే మొదలుపెడతాను: నల్లగుడ్డ కింద నాన్న, పక్కన చూస్తున్న పిల్లాడు.

1908 పుష్కరాల్లో రాజమండ్రిలో కలరా సోకి ఆ నాన్న పోయాడు. పిల్లాడికి అప్పటికి పదేళ్లు దాటాయి. అక్కణ్నుంచి ఒక చోట నిలిచింది లేదు. రామచంద్రపురం, కాకినాడ, తుని, నరసాపురం, విశాఖపట్నం... ఊరు మారినప్పుడల్లా బడి మారింది. కాకినాడలో, తర్వాత స్వాతంత్ర్య సమరయోధుడైన మద్దూరి అన్నపూర్ణయ్య తోటి విద్యార్థి. నరసాపురంలో టేలర్ హైస్కూలు. చదువు ఎక్కడా పూర్తిగా కుదరలేదు. తండ్రి లేని పిల్లాణ్ని చుట్టాల ఇళ్ల మధ్య తిప్పితే వాడిలో ఏం పేరుకుంటుందో మా ఊళ్లలో చాలామందికి అనుభవమే. 1916లో ఉత్తరాది యాత్రకు వెళ్లాడు. తిరిగొచ్చి ఏజెన్సీ అంచున కృష్ణదేవిపేట చేరేసరికి సన్యాసి వేషం.

ఈ మధ్యలో ఏం జరిగిందన్న ఖాళీలోంచే రాజమౌళి ‘ఆర్ఆర్ఆర్’ పుట్టింది. తండ్రి విజయేంద్రప్రసాద్ గారిది మా కొవ్వూరే. అల్లూరి, కొమురం భీం ఇద్దరూ ఇల్లు వదిలి వెళ్లిన కాలంలో కలిసి ఉంటే ఎలా ఉండేదన్నది కథ. 1920 ఢిల్లీలో రామరాజు పోలీసు యూనిఫాంలో కనిపిస్తాడు. ఆ వేషం వెనక చిన్ననాటి గాయం, తండ్రికిచ్చిన మాట నెమ్మదిగా బయటపడతాయి. చివర్లో అడవిలో రాముడి విగ్రహం దగ్గర దొరికిన విల్లు, బట్టలతో మనకు తెలిసిన రూపంలోకి వస్తాడు. థియేటర్లో ఆ క్షణాన నా ఒళ్లు పులకరించింది. 1974లో కృష్ణ గారి సినిమా ఆ రూపాన్ని మా కళ్లలో ముద్రించేసింది కాబట్టి, దాని పుట్టుక చూడటం సొంతమనిషి పుట్టుక చూసినట్టే అనిపించింది.

అయినా ఒక లోటు మిగిలింది. గాయమూ, మాటా, విల్లూ అన్నీ ఒక్క మనిషి చుట్టూనే తిరిగితే కొండ ఏమైపోయినట్టు?

ఆ రంప కొండల్లో తిరుగుబాటు 1879లోనే వచ్చింది. కల్లు మీద పన్ను, మన్సబుదారు పెత్తనం, పోలీసుల దోపిడీ అన్నీ కలిసి అంటుకున్నాయి. సీతారామరాజు ఇంకా పుట్టనేలేదు. తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం పోడుని నేరం చేసింది. రోడ్లు వేయడానికి గూడెం మనుషుల్ని అరకొర కూలికి, వెట్టికి తోలిన డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ పేరు ఆ కొండల్లో మంచిమాటగా ఎవరూ తలవలేదు. తమ హక్కులు అడిగి ఓడిపోయిన ముఠాదారులు, పోడు పోగొట్టుకున్న రైతులు అప్పటికే అక్కడున్నారు. గాం గంటం దొర ఉన్నాడు, ఆయన తమ్ముడు మల్లు దొర ఉన్నాడు. రాజమండ్రి నుంచి వచ్చిన కుర్రాడు వాళ్ల మధ్య కూర్చున్నాకే రామరాజయ్యాడు. బొమ్మల కథలో జపాన్ కుటుంబం నేర్పినట్టు, ఇక్కడ గూడెం నేర్పింది. డెల్టా వాళ్లం ఆయన మావాడని చెప్పుకునేటప్పుడు ఈ సగాన్ని మింగేస్తాం. దానికి నాకు బాధగా ఉంటుంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు రామరాజు. తీసుకున్న తుపాకులు, తూటాలు ఎన్నో స్టేషను పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టి వెళ్లాడు. ముసుగు లేదు, పేరు దాపరికం లేదు. ఇది చెప్పినప్పుడు మావాడి కళ్లు స్నేక్ ఐస్‌కి కూడా అంత పెద్దవి కాలేదు. “సంతకం పెట్టేశారా?” అని రెండుసార్లు అడిగాడు.

1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గంటం దొరా ఆ పోరులోనే పోయాడు. మల్లు దొరని పట్టుకుని అండమాన్ పంపారు. ఆయన బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

మర్నాడు రాజమండ్రి పుష్కరాల రేవు మెట్ల మీద కూర్చుని వాడు నోటు పుస్తకం తెరిచాడు. పేజీని ఆరు గళ్లు చేశాడు. మొదటి గడిలో నల్లగుడ్డ, మూడు కాళ్ల కొయ్య, పక్కన పిల్లాడు. రెండోదాంట్లో గోదారి, పుష్కరాల జనం. మూడోదాంట్లో గుర్రం వేశాడు. ఎందుకంటే గుర్రాలు బాగా వస్తాయి వాడికి. నాలుగో గడిలో మల్లు దొరని వెయ్యరా అన్నాను.

“ఆయన మొహం ఎలా ఉంటుంది మావయ్యా?”

నా ఫోన్లో చాలాసేపు వెతికాను. చేతికి ఏదీ దొరకలేదు. వాడు కాసేపు ఆగి, భుజాలూ తలపాగా గీసి, మొహం దగ్గర తెల్లగా వదిలేశాడు. ఆ ఖాళీ మీద పెన్సిల్ తగలకుండా చుట్టూ అడవి గీయడం మొదలుపెట్టాడు.