వెనక్కి లేని దారి

తెనాలిలో ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కూతురి పెళ్లి 1994లో చేశారు. ఆ వీడియో క్యాసెట్‌కు బూజు పడుతోందని 2005 వేసవిలో వీసీఆర్‌ని కంప్యూటర్‌కు కలిపి అందులోకి ఎక్కించబోయారు. అప్పగింతల వేళ భార్య కూతురికి చెప్పిన నాలుగు మాటలు అందులో ఉన్నాయి. కాలం చేసిన ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

ఇరవై నిమిషాలైనా కాకముందే 'చోటు లేదు' అంది కంప్యూటర్. చూస్తే, 30 జీబీ 'డి' డ్రైవ్‌లో పాతిక జీబీ ఖాళీ!

పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు. ''ఈ డ్రైవ్ ఫ్యాట్32లో ఉంది మాస్టారూ. ఫైలు సైజు రాసుకునే గడిలో 32 బిట్లే. 4 జీబీ దాటితే అంకె పట్టదు'' అన్నాడు. విండోస్ ఎక్స్‌పీలో 'కన్వర్ట్' ఆదేశం ఇచ్చి ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి మార్చాడు. కొట్లో సరుకు అలాగే ఉంచి చిట్టా మాత్రం కొత్త పద్ధతిలో రాసుకున్నట్టన్నమాట. పాత ఫైళ్లు ఒక్కటీ చెదరలేదు. గంట వీడియో 13 జీబీ ఫైలుగా పూర్తిగా ఎక్కింది. మర్నాడు మళ్లీ వేసి చూడబోతే క్యాసెట్ టేపు చిక్కుపడి తెగిపోయింది.

దసరాకి హార్డ్‌డిస్కే ఊడదీసి కూతురింటికి తీసుకెళ్దామనుకున్నారు మాస్టారు. అక్కడున్నది విండోస్ 98. దానికి ఎన్‌టీఎఫ్ఎస్ చదవడం రాదు.

''మళ్లీ ఫ్యాట్32 చేసేద్దాం'' అన్నాడు కుర్రాడు. 'కన్వర్ట్' ససేమిరా అంది. దానికి వెళ్లడమే తెలుసు, తిరిగి రావడం తెలీదు. ఇక 'ఫార్మాట్' తెరిచాడు. డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుందని హెచ్చరిక వచ్చింది. ''ఇది మామూలే'' అంటూ మౌస్ కదిపాడు.

మాస్టారు అతని చెయ్యి పట్టుకున్నారు.

''ఆగు బాబూ. అంతా చెరిగిపోతుందంటోంది కదా. పోనీ చెరగలేదనుకో, నాలుగు పట్టే గడిలో పదమూడు ఎలా పడుతుంది?''

కుర్రాడి మొహం పాలిపోయింది.

డ్రైవ్ జోలికి మళ్లీ వెళ్లలేదు. వీడియోని కుదించి రెండు డీవీడీలు తీశారు. ఒకటి బీరువాలో పెట్టి, రెండోది సంచిలో వేసుకుని మాస్టారు బస్సెక్కారు. ఆ పండక్కి కూతురు తల్లి గొంతు విన్నది డీవీడీ ప్లేయర్లోనే.

ఇప్పటి విండోస్‌లోనూ 'కన్వర్ట్' ఎన్‌టీఎఫ్ఎస్ వైపే మారుస్తుంది. వెనక్కి రావాలంటే ఫార్మాట్ చెయ్యాల్సిందే. అందుకే, ఎటు మార్చాలన్నా ముందు ఇంకో కాపీ తీసుకుని వేరేచోట దాచుకోండి. మాస్టారి మౌస్ అంచు దాకా వెళ్లి ఆగింది. ప్రతిసారీ పక్కన లెక్కల మాస్టారు ఉండరు.