విశాఖకు చదువుకు వెళ్తున్నారా?

పోర్ట్ లూయిస్‌లో ఆప్రవాసి ఘాట్ మెట్లు 16. బడిలో ఉన్నప్పుడు మీరు టీచరుతో వెళ్లి వాటిని లెక్కపెట్టే ఉంటారు. 1834 నుంచి 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది భారతీయులు ఒప్పందం కూలీలుగా మన ద్వీపానికి వచ్చారు. మన తెలుగువాళ్లలో చాలామంది కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి ఓడ ఎక్కారు. అందుకే ఇక్కడ మనల్ని ‘కోరంగి’ వాళ్లని పిలిచేవారు. ఓడ దిగిన ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చారు.

ఇప్పుడు మీలో కొందరు చదువు కోసం ఎదురు దారిలో వెళ్తున్నారు. నేను ఆ దారిలో విశాఖపట్నం వెళ్లి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చాను. మీరు వెళ్లే ముందు నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

మొదట కాగితాల సంగతి. చాలామంది ఐసీసీఆర్ స్కాలర్‌షిప్ మీద వెళ్తారు. దానికి దరఖాస్తు కంప్యూటరులోనే పెట్టాలి. మీ హెచ్‌ఎస్‌సీ సర్టిఫికెట్టు, పుట్టిన తేదీ పత్రం, పాస్‌పోర్టు, డాక్టరు ఇచ్చిన ఆరోగ్య పత్రం ముందే సిద్ధం చేసుకోండి. అన్నిటిలోనూ మీ పేరు ఒకే రకంగా ఉందో లేదో చూసుకోండి. మన పేర్లను పాత గుమాస్తాలు ఫ్రెంచి పద్ధతిలో ఒకసారి, ఇంగ్లీషు పద్ధతిలో ఒకసారి రాశారు. ఒక్క అక్షరం తేడా ఉన్నా అక్కడ ప్రతి కౌంటరు దగ్గరా మీరు జవాబు చెప్పుకోవాలి.

స్టూడెంట్ వీసా 180 రోజులు దాటితే, ఇండియాలో దిగిన 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు చేయించుకోవాలి. ఈ పని ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. హాస్టల్ వాళ్లు ఇచ్చే కాగితం, యూనివర్సిటీ ఇచ్చే కాగితం దానికి కావాలి. కాబట్టి మొదటి వారం ఊరు చూడకండి, ఆఫీసులు చూడండి.

ఇంకో దారి కూడా ఉంది. 2024 మార్చిలో భారత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ వచ్చారు. భారత సంతతికి చెందిన మన ఏడో తరం వాళ్లకు కూడా ఓసీఐ కార్డు దొరికే ఏర్పాటును ఆమె అప్పుడు ప్రకటించారు. ఆ కార్డు ఉంటే వీసా అక్కర్లేదు, నమోదూ అక్కర్లేదు. కానీ మీ పూర్వీకులు ఇండియా నుంచి వచ్చారని కాగితంతో చూపించాలి. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ పాత రిజిస్టర్లు ఉన్నాయి. స్కాలర్‌షిప్‌కు వీసా మంచిదా, కార్డు మంచిదా అన్నది హైకమిషన్‌లో అడిగి తేల్చుకోండి.

నేను ఆ రిజిస్టరులో మా ముత్తాత తండ్రి పేరు చూశాను. నంబరు ఉంది, ఓడ పేరు ఉంది, జిల్లా విశాఖపట్నం అని ఉంది. ఊరి పేరు కూడా ఉంది. ఎవరో ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్టు రాసిన పేరు అది. దాన్ని కాపీ చేసి జేబులో పెట్టుకుని విమానం ఎక్కాను.

సామాను తక్కువ పెట్టుకోండి. మన మూడు చదరపు పుల్లల ప్లగ్గు అక్కడ గోడకు పట్టదు, అడాప్టరు కావాలి. మొదటి రెండు మూడు నెలలకు సరిపోయే డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. బ్యాంకు ఖాతా తెరిచి, స్కాలర్‌షిప్ చేతికి వచ్చేసరికి కొంత కాలం పడుతుంది. అక్కడ టీ కొట్టులో కూడా ఫోనుతోనే డబ్బు కడతారు. ఖాతా వచ్చేదాకా మీకు నోట్లే దిక్కు.

ఇక ఊరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. మొదట బెజవాడలో మొదలై, తర్వాత విశాఖకు వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి దాని మొదటి ఉపకులపతి. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా ఉపకులపతిగా పనిచేశారు. క్యాంపస్ ఎత్తు నేల మీద ఉంటుంది. అక్కడి నుంచి కిందికి దిగితే సముద్రం. మనవాళ్లకు ఇది చూడగానే ప్రాణం లేచి వస్తుంది. ఒక పక్క కొండలు, ఒక పక్క నీళ్లు. ఇల్లే అనిపిస్తుంది.

అక్కడే జాగ్రత్త. మన ద్వీపం చుట్టూ పగడపు దిబ్బ ఉంది. అలలు దానికి తగిలి విరుగుతాయి, లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. విశాఖ తీరానికి అలాంటి గోడ లేదు. అల నేరుగా ఒడ్డుకు వస్తుంది, వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. ‘నేను సముద్రం పక్కనే పుట్టాను’ అని దిగకండి. ఒడ్డున కూర్చుని మొక్కజొన్న పొత్తు తినండి, చాలు. తుపాను కాలం కూడా వేరు. మనకు జనవరి, ఫిబ్రవరిలో భయం. వాళ్లకు అక్టోబరు, నవంబరులో. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను గురించి విశాఖలో ఎవరిని అడిగినా చెబుతారు.

సింహాచలం తప్పకుండా వెళ్లండి. మన ఇళ్లలో కొలిచే సింహాద్రి అప్పన్న కొండ అదే. మెట్ల దారి ఉంది, బస్సు కూడా ఉంది. ఏడాదంతా స్వామి చందనం పూత కింద ఉంటాడు. అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం కనిపిస్తుంది. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ జనం కాలినడకన తిరుగుతారు. దూరం 32 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మంచి చెప్పులు కొనుక్కోవద్దు, ఆ నడక చెప్పులు లేకుండానే.

ఇప్పుడు భాష గురించి. ఇది కాగితాల కంటే కష్టం.

నేను బడిలో తెలుగు బాగా చదివాను. పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయి. హాస్టల్లో మొదటి రోజు, ‘నాకు ఆకలిగా ఉన్నది, భోజనశాల ఎచ్చట?’ అని అడిగాను. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. ‘పుస్తకం మాట్లాడినట్టు ఉంది’ అన్నారు. ఆ తర్వాత నాతో ఇంగ్లీషులోనే మాట్లాడటం మొదలుపెట్టారు. నేను నోరు మూసుకున్నాను. నెల రోజులు తెలుగు మాట్లాడలేదు.

ఒక ఆదివారం కూరగాయలకు రైతు బజారుకు వెళ్లాను. ఒక ముసలామె వంకాయల ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి, ‘ఏటి కావాలమ్మా? ఇలాగ కూకో, ఏరుకో’ అంది.

నేను అక్కడే నిలబడిపోయాను. ‘ఏటి’, ‘కూకో’. ఇవి మా మామ్మ మాటలు. చిన్నప్పుడు నేను బడిలో ‘కూకో’ అంటే, టీచరు ‘కూర్చో అనాలి, అది తప్పు తెలుగు’ అని దిద్దారు. ఆ రోజు ఇంటికి వచ్చి మామ్మను దిద్దాను. తర్వాత ఆమె తెలుగులో ఏదైనా అంటే నేను క్రియోల్‌లో జవాబు చెప్పేదాన్ని. మెల్లగా ఆమె కూడా నాతో క్రియోల్‌లోనే మాట్లాడింది. నేను విశాఖ వెళ్లడానికి రెండేళ్ల ముందు ఆమె పోయింది.

అది తప్పు తెలుగు కాదు. ఉత్తరాంధ్ర తెలుగు. ఓడలో వచ్చింది, మా ఇంట్లో బతికింది. దాన్ని మామ్మ నోట ఆపింది నేనే.

ఆ మధ్యాహ్నం నేను అవసరం లేకపోయినా రెండు కిలోల వంకాయలు కొన్నాను. తర్వాత ప్రతి ఆదివారం వెళ్లాను. ‘ఏ ఊరు నీది?’ అని ఆమె అడిగింది. మారిషస్ అన్నాను. ‘అదెక్కడ?’ అంది. సముద్రం అవతల అన్నాను. ‘అయితే మాటేటి మాలాగే ఉంది?’ అంది.

జేబులోని ఊరి పేరు ఆమెకు చూపించాను, మా ప్రొఫెసరుకు చూపించాను, జిల్లా మ్యాపులో వెతికాను. దగ్గరగా వినిపించే ఊళ్లు మూడు దొరికాయి. మూడింటికీ వెళ్లాను. ఏ ఊళ్లోనూ మా వాళ్ల ఆనవాలు లేదు. కానీ ఒక ఊళ్లో మజ్జిగ ఇచ్చారు, ఇంకో ఊళ్లో భోజనం పెట్టారు. మీరు కూడా మీ ఊరు వెతకండి. దొరకకపోతే ఏడవకండి. మీరు వెళ్లింది చదువుకి.

అందుకే వెళ్లే ముందు చేయవలసిన పనుల్లో ఇది ఒకటి రాసుకోండి. ఇంట్లో మామ్మ గానీ తాత గానీ ఉంటే, ఒక సాయంత్రం పక్కన కూర్చోండి. పొయ్యి దగ్గర, పూజ దగ్గర, కోపం వచ్చినప్పుడు వాళ్లు ఏ మాట అంటారో అడగండి. ఫోనులో రికార్డు చేయండి. దిద్దకండి.

అక్కడికి వెళ్లాక వారానికి ఒకసారి వాళ్లకు ఫోను చేయండి. విశాఖలో రాత్రి తొమ్మిదయితే మన ఇంట్లో ఏడున్నర. బజారులో విన్న కొత్త మాట ఒకటి చెప్పండి. వాళ్లకు అది ముందే తెలిసి ఉండవచ్చు.