సగం చెప్పి లేచిపోయేవాళ్లు

"ఇంకేమైనా ఉందా?" అని అడిగితే "ఏం లేదు సార్" అంటూ లేస్తారు. తలుపు దాకా వెళ్లి ఒక్క క్షణం ఆగుతారు. వెనక్కి చూసి, "ఏం లేదులెండి" అనేసి వెళ్లిపోతారు. మానసిక వైద్యుడన్నవాడికి రోజూ కనిపించే దృశ్యం ఇది. చెప్పకుండా మింగిన ఆ మాటలోనే చాలాసార్లు అసలు జబ్బు ఉంటుంది. దీనికి సిగ్గు, మొహమాటం, మనసు జబ్బంటే లోకానికున్న చిన్నచూపు కారణమని అందరూ చెబుతారు, నేనూ కాదనను. కానీ ఇంకో కారణం ఉంది. దాన్ని మా వృత్తిలో ఎవరూ పట్టించుకోరు. మేము రోగుల్ని కూర్చోబెట్టే గదుల మధ్య గోడలు మాటను ఆపవు.

లోపలి మాట బయటివాళ్లకు వినపడితే పరువు పోతుందన్నంత వరకే జనం ఆలోచిస్తారు. అంతకన్నా పెద్ద నష్టం ఒకటుంది. తన వంతు కోసం హాల్లో కూర్చున్న మనిషికి లోపలివాళ్ల కష్టం, వాళ్ల ఏడుపు, వాళ్లు వాడే మాత్రల పేర్లు అన్నీ చెవిన పడుతుంటాయి. కాసేపటికి తానూ అదే గదిలో కూర్చుంటాడు. తన మాట ఎంత దూరం పోతుందో అప్పటికే అతనికి బాగా తెలుసు. ఇక ఆ హాలుకు చెప్పదగ్గ మాటే నాకూ చెబుతాడు. నేను దానికే మందు రాస్తాను.

ఒకాయన ఉండేవాడు, వైరింగ్ పనిచేస్తాడు. (గుర్తు పట్టకుండా అందరి వివరాలూ మార్చి రాస్తున్నాను.) నిద్ర లేదు, ఆకలి లేదు, పనికి పోవాలనిపించదు, బతికి ఏం లాభమని గోడకేసి చూస్తూ ఉంటాడు. డిప్రెషన్. ఎస్సిటలోప్రామ్ మొదలుపెడితే నెలన్నరకు తేరుకున్నాడు. బాగైన తర్వాత కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, మధ్యలో మానేస్తే తిరగబెడుతుందని చెప్పి పంపాను. మానేశాడు. తిరగబెట్టింది. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ మానేశాడు.

"ఎందుకు మానేశావయ్యా?"

"మర్చిపోయానండి."

"ఈ మాత్రలతో కొందరికి సంసారంలో ఇబ్బంది వస్తుంది. నీకేమైనా అలా ఉందా?"

"అబ్బే, అదేం లేదండి." అంటూనే తలుపు వైపు చూశాడు. తలుపు అవతల మొదటి కుర్చీలో అతని బామ్మర్ది ఉన్నాడు. ప్రతిసారీ ప్రేమగా వెంటబెట్టుకొచ్చేది అతనే.

ఒక రాత్రి పొలం గట్టు మీద నుంచి ఫోన్ చేశాడు. "సార్, ఆ మాత్ర వేసుకుంటే నేను మా ఇంటిదానికి మొహం చూపించలేకపోతున్నానండి. అక్కడ చెబితే మా బామ్మర్దికి వినపడుద్ది." ఈ రకం మందులకు బాగా తెలిసిన దుష్ఫలితమే ఇది. మోతాదు తగ్గించవచ్చు, బ్యుప్రోపియాన్ లాంటి వేరే మందుకు మారవచ్చు. మార్చాం, సరిపోయింది. మందు మానేశాడని అప్పటిదాకా ఇంటిల్లిపాదీ అతన్ని తిట్టారు, నేనూ గదమాయించాను. ఆ మనిషి ఈ తిట్లన్నీ పడి మళ్లీ మళ్లీ జబ్బులోకి జారాడు తప్ప, ప్లైవుడ్ పార్టిషన్ పక్కన కూర్చుని ఆ ఒక్క మాట అనలేకపోయాడు.

ఆ పార్టిషన్ ఎంత పనికిమాలినదో లెక్క కట్టి చూడండి. మామూలుగా మాట్లాడే గొంతు మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. చెక్క ఫ్రేముకు రెండు వైపులా పలచటి ప్లైవుడ్ కొట్టిన అడ్డుగోడ అందులో 25, బాగా చేస్తే 30 తగ్గిస్తుంది. మిగిలిన ముప్పై చిల్లర డెసిబెల్స్ నిశ్శబ్దంగా ఉన్న హాల్లో మాట మాటగా అర్థమవుతుంది. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ 40కి పైనే ఆపుతుంది. అవతల మిగిలేది ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. ధ్వనిని ఆపేది గోడకున్న బరువు.

బరువైన గోడ కట్టినా సరిపోదు. కార్పొరేట్ హంగుల కోసం ఫాల్స్ సీలింగ్ వేసి, గోడను ఆ సీలింగ్ దగ్గరే ఆపేస్తారు. పైన స్లాబు దాకా ఉన్న ఖాళీలోంచి ఈ గది మాట నేరుగా పక్క గదిలో దిగుతుంది. తలుపు కింద వేలెడంత సందు వదులుతారు. రెండు గదుల స్విచ్‌బోర్డులు ఒకే చోట వీపుకు వీపు పెట్టి గోడను గుల్ల చేస్తారు. తొట్టి ఎంత మందంగా కట్టినా అడుగున చిల్లుంటే నీళ్లు నిలవవు. గోడ విస్తీర్ణంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, మిగతాది ఎంత గట్టి గోడైనా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు.

ఇక గోడలకు ఫోమ్ అతికించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రికార్డింగ్ స్టూడియోల్లో చూసి, గది సౌండ్‌ప్రూఫ్ చేశామని చెప్పుకుంటారు. ఆ ఫోమ్ గది లోపల ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, అంతే. గోడ దాటే మాటను దాదాపు ఏమీ ఆపదు. డబ్బు పోయింది, పైగా మా గదిలో గుట్టు భద్రమని డాక్టరుకు ఒక ధీమా వచ్చింది. ఈ ధీమా ఉన్న గదికన్నా ఏమీ చేయని గదే నయం. అక్కడ కనీసం గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఒక డిగ్రీ చదివే అమ్మాయి తలనొప్పి అంటూ చాలామంది దగ్గరికి తిరిగింది. స్కానింగులు బాగానే ఉన్నాయి, తాయెత్తూ కట్టించారు. నేను అప్పట్లో కూర్చునే పాలీక్లినిక్‌లో పక్క గది పిల్లల డాక్టరుది. ఏ పాపకు ఎన్ని విరేచనాలయ్యాయో మాకు స్పష్టంగా వినపడేది. ఈ అమ్మాయి చాలాసేపు ఆ గోడ వైపే చూసి, "డాక్టరు గారూ, రాసిస్తే చదువుతారా?" అని అడిగింది. రాసింది. గుళ్లో దణ్ణం పెట్టుకోబోయేసరికి దేవుడి మీద బూతులు మనసులోకి వస్తున్నాయట. తాను పాపిష్టిదాన్నని, పిచ్చెక్కుతోందని ఏడ్చింది.

అది ఓసీడీ. వద్దనుకున్న ఆలోచనే తోసుకుని వస్తుంది. మనిషికి ఏది పవిత్రమో చాలాసార్లు దాన్నే పట్టుకుంటుంది. భక్తి ఉన్నవాళ్లకు దేవుడి మీద, పసిబిడ్డ తల్లికి బిడ్డ మీద వస్తుంది. ఆ ఆలోచన చూసి అంతగా వణికిపోతున్నారంటేనే అది మీ కోరిక కాదని అర్థం. నయం చేయవచ్చు: ఫ్లువాక్సెటిన్ లాంటి మందు, దాంతోపాటు ప్రత్యేకమైన థెరపీ. చిక్కల్లా ఆ థెరపీతోనే వచ్చింది. భయపడే ఆలోచనను రోగి నోటితో పైకి అనాలి, మళ్లీ మళ్లీ అనాలి, దడ తగ్గేదాకా అనాలి. పక్క గదిలో పసిపిల్లల తల్లులు బారులు తీరి ఉంటే, ఆ పిల్ల దేవుణ్ణి తిట్టే మాటలు పైకి ఎలా అంటుంది? క్లినిక్ మూసి ఉండే ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లమ్మను తోడు పెట్టుకుని రమ్మన్నాను. అలా పూర్తిచేశాం. గోడ సరిగా ఉంటే మామూలు రోజునే అయ్యే వైద్యం ఇది.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. రోగి వివరాలు గోప్యంగా ఉండాలన్నది అందులో 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు. దాన్ని మేము కేస్‌షీట్లకూ కంప్యూటర్ పాస్‌వర్డులకూ పరిమితం చేసేశాం. ఫైలు బీరువాలో పెట్టి తాళం వేస్తాం, ఫైలులో ఉన్నదంతా హాల్లోకి వదిలేస్తాం. మాట బయటికి పోకుండా చూడటం చేతకాని పనీ కాదు. హెచ్‌ఐవీ పరీక్షల కోసం ప్రభుత్వాసుపత్రుల్లో ఐసీటీసీ కేంద్రాలు పెట్టినప్పుడు, కౌన్సెలింగ్ గది బయటికి కనపడకూడదు, వినపడకూడదు అని నియమం పెట్టారు. అన్నిచోట్లా సవ్యంగా జరిగిందనను. అవసరమైనది అదేనని ఒప్పుకున్నారు, అది చాలా పెద్ద సంగతి.

నన్ను వదలని కేసు మరొకటి. పెళ్లయి ఏడాది తిరగని పిల్ల, అత్తగారితో వచ్చింది. నిద్ర పట్టదు, గుండె దడ. చేతి మీద కమిలిన మచ్చలు కనపడ్డాయి. అత్తగారిని కాసేపు బయట కూర్చోమన్నాను. మొదట గుసగుసగానే చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడుపొచ్చింది. ఏడ్చే మనిషి గొంతు ఆమె చేతిలో ఉండదు, అది 60 డెసిబెల్స్ దగ్గర ఆగదు. ఇంట్లో రాత్రిళ్లు జరిగేదంతా చెప్పింది. తలుపు తీసేసరికి అత్తగారు లేచి నిలబడి ఉంది. ఆమె మొహం చూడగానే మా ఇద్దరికీ అర్థమైంది. ఫీజు కట్టి, మందుల చీటీ తీసుకోకుండానే వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఓపీ చీటీలో రాయించిన ఫోన్ నంబరు అత్తగారిది.

జనం తమ దారి తాము వెతుక్కుంటున్నారు. 2020లో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాక ఫోన్‌లో చూపించుకునేవాళ్లు పెరిగారు. హైదరాబాద్ హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లు పార్కింగ్‌లో కారు అద్దాలెత్తుకుని మాట్లాడతారు. ఇల్లాళ్లు బట్టలు ఆరేసే నెపంతో డాబా ఎక్కి మాట్లాడతారు. ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతున్నవాళ్లకు 14416 ఉంది. టెలి మానస్, ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. కానీ డాక్టరు ఎదుట చెప్పలేని మాటను డాబా మీద నుంచి చెప్పుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

సొంత గది కట్టుకున్నప్పుడు స్లాబు దాకా ఇటుక గోడ లేపించాను. గుల్ల ఫ్లష్ డోరు బదులు నిండు చెక్క తలుపు పెట్టించి, చుట్టూ రబ్బరు పట్టీ, కింద సందు మూసే పట్టీ వేయించాను. హాలు కుర్చీల్ని తలుపుకు దూరంగా ఎదుటి గోడకు జరిపాం. ఫ్యాను హోరు లాంటి సన్నటి చప్పుడు చేసే యంత్రం ఒకటి హాల్లో పెట్టాం. అది వినేవాళ్ల వైపే ఉండాలి. లోపల పెడితే చప్పుడుకు మించి గొంతు పెంచుతాం. కౌంటర్ దగ్గర "ఏం ప్రాబ్లం?" అని అందరిలో అడగడం మాన్పించాను. ఆ తర్వాత రోగులు చెప్పే కథల పొడవే మారిపోయింది. పాత రోగులు కొందరు ఏళ్ల తరబడి దాచిన సంగతులు మొదటిసారి ఇక్కడే చెప్పారు.

మీరు చూపించుకునే చోట పక్క గది మాట మీకు వినపడుతుంటే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి, ఏమీ అనుకోరు. నోటితో అనలేనిది కాగితం మీద రాసివ్వండి. మీవాళ్లను కింద మందుల షాపు దాకా పంపమని అడగండి. కొత్తగా గది అద్దెకు తీసుకునే మా కుర్ర డాక్టర్లకు నేను చెప్పేది ఒకటే. నర్సును లోపల కూర్చోబెట్టి మామూలు గొంతుతో పేపరు చదవమనండి. మీరు బయట మొదటి కుర్చీలో కూర్చోండి. ఒక్క వాక్యం అర్థమైనా సరే, గోడ సంగతి తేలేదాకా బయానా ఇవ్వకండి.