పళ్ళ పట్టాల మీద నీలగిరికి

ఊటీ వెళ్ళొచ్చిన మనవాళ్ళలో చాలామంది కొండ రైలెక్కాం అంటారు. ఎక్కడ అని అడిగితే ఊటీలో ఎక్కి కూనూర్‌లో దిగామని చెబుతారు. ఆ ప్రయాణమూ అందంగానే ఉంటుంది. కాని మామూలుగా అక్కడ పెట్టెల్ని లాగేది డీజిల్ ఇంజను. యునెస్కో 2005లో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో ఎందుకు చేర్చిందో తెలియాలంటే మాత్రం కొండ దిగువన మెట్టుపాళయంలో పొద్దున్నే బండెక్కాలి.

స్టేషన్లో మొదట ఆశ్చర్యపరిచేది ఇంజను ఉన్న చోటు. అది ముందు లేదు, చివర ఉంది. ఎక్కేటప్పుడు పెట్టెల్ని వెనకనుంచి తోస్తుంది. కొక్కెం తెగినా పెట్టెలు లోయలోకి జారిపోకుండా కింద ఇంజనే అడ్డు నిలవాలని ఈ ఏర్పాటు. ప్రతి పెట్టెకూ ముందు చిన్న వసారా, అందులో చేతిలో జెండాతో ఒక బ్రేక్స్‌మన్.

భవానీ నది దాటాక పోకతోటల మధ్య బండి హాయిగా పరుగెత్తింది. ఎనిమిది కిలోమీటర్లు పోయాక, కల్లార్ దగ్గర వేగం బాగా తగ్గింది. కాళ్ళ కింద గరగరమని శబ్దం, చిన్న కుదుపు. అక్కడి నుంచి బండి మనిషి పరుగును మించదు. ఆ మార్పు ఏమిటో నీళ్ళు పట్టడానికి హిల్‌గ్రోవ్‌లో ఆగినప్పుడు కళ్ళారా చూశాను. జనమంతా టీ కోసం, కోతులేమో జనం చేతుల్లోని పొట్లాల కోసం ఎగబడుతుంటే నేను వంగి పట్టాల మధ్యకు చూశాను. రెండు పట్టాల నడుమ రంపాల్లా పళ్ళున్న ఉక్కు బద్దలు రెండు, పక్కపక్కనే. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు. ఇంజను కింది పళ్ళచక్రాలు వీటిలో ఇరుక్కుంటూ పైకి పాకుతాయి. ఏ క్షణంలోనైనా ఏదో ఒక పన్ను పట్టు మీద ఉంటుంది కాబట్టి జారడం ఉండదు.

ఈ తంతు ఎందుకంటే, ఇక్కడ కొన్నిచోట్ల పన్నెండు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకెక్కాలి. అంత వాలులో నున్నటి ఇనుప చక్రం నున్నటి పట్టా మీద నిలవదు. ఈ కొండకు రైలు వేయాలన్న ప్రతిపాదన 1854 నాటిది. పని మొదలైంది 1891లో. బండి కూనూర్ చేరింది 1899లో, ఊటీ చేరింది 1908లో. దారి చూపింది స్విస్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ కనిపెట్టిన ఈ పళ్ళ పద్ధతి. మన దేశంలో ఇలాంటి రైలు మార్గం ఇదొక్కటే.

ఇంజన్లూ స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తుర్ నుంచి వచ్చినవే. వాటి పొదుపు చూడాల్సిందే. ఆవిరి ముందు రెండు సిలిండర్లలో మామూలు చక్రాల్ని తిప్పుతుంది. వాలు మొదలయ్యాక అక్కడ వాడేసిన ఆవిరినే ఇంకో రెండు సిలిండర్లలోకి పంపి పళ్ళచక్రాల్ని తిప్పుతారు. పాతవి అలసిపోతుంటే తిరుచ్చిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాప్ వాళ్ళు అదే తీరులో కొత్తవి కట్టారు. వారసత్వమంటే నాకు అక్కడ కనిపించింది. పాత ఇంజన్ని తుడిచి అద్దాల వెనక పెట్టకుండా, దాన్ని మళ్ళీ తయారుచేయగల చేతుల్ని నిలుపుకోవడం.

నా పెట్టె బ్రేక్స్‌మన్‌తో వచ్చీరాని తమిళంలో మాట కలిపాను. ఎక్కేటప్పుడు భారం ఇంజనుదేనట, దిగేటప్పుడు భయమంతా తమదట. కిందికి వచ్చేటప్పుడు పెట్టె పెట్టెకూ మనిషి బ్రేకు పట్టుకుని ఉండాల్సిందే. వానాకాలంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కొండచరియలు పడి దారి తరచూ మూతపడుతుంది. మట్టి ఎత్తి, రాళ్ళు తొలగించి, పళ్ళు సరిచూశాకే మళ్ళీ బండి కదులుతుంది.

కూనూర్‌లో ఆవిరి ఇంజను విడిపోయి షెడ్డుకు వెళ్ళింది, పళ్ళ పట్టా కూడా అక్కడితో సరి. పైన వెల్లింగ్టన్, అరువంకాడు దాటితే కేత్తి. ‘వసంత కోకిల’ చూసినవాళ్ళకు ఈ స్టేషన్ని పరిచయం చేయనక్కర్లేదు, కమల్‌హాసన్ కుంటుకుంటూ శ్రీదేవి ఎక్కిన రైలు వెంట పడిన ముగింపు దృశ్యం ఇక్కడిదే. తరవాత లవ్‌డేల్, ఆపైన ఊటీ. 326 మీటర్ల ఎత్తున బయల్దేరిన బండి 2,203 మీటర్లకు చేరేసరికి మధ్యాహ్నమైంది. నలభై ఆరు కిలోమీటర్లలో 208 మలుపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు.

వెళ్ళాలనుకుంటే టికెట్టు చాలా ముందుగా తీసుకోండి, సీట్లు తక్కువ. లోయ బాగా కనబడాలంటే ముందు పెట్టె ఎక్కమంటారు, అక్కడ ఎదురుగా ఇంజను అడ్డుండదు. నన్నడిగితే మాత్రం చివరి పెట్టెలో, ఇంజనుకు ఆనుకునే కూర్చోండి. లోయ ఘాట్ రోడ్డులో కారు కిటికీలోంచైనా కనిపిస్తుంది. పళ్ళు పళ్ళను పట్టుకుని కొండెక్కే చప్పుడు వినాలంటే చోటు అదొక్కటే.