తెర ఆగింది, యంత్రం ఆగలేదు

మన కర్మాగారాలలో ఒక కంట్రోల్ వాల్వు మార్చాలన్నా, ఒక అలారం హద్దు సవరించాలన్నా మార్పు అనుమతి పత్రం తప్పనిసరి. మార్పు ఎవరు కోరారు, ఎందుకు కోరారు, అందువలన కలుగగల ప్రమాదమేమిటి, బెడిసికొడితే పూర్వస్థితికి చేరే మార్గమేది అన్న ప్రశ్నలకు సమాధానాలు వ్రాసి, సంబంధిత అధికారులు సంతకాలు చేసిన తరువాతనే పానా చేతికి వస్తుంది. అదే మనం సాయంత్రం ఇల్లు చేరి, ల్యాప్‌టాప్ మూత తెరచి, క్రొత్త రూపాంతరం సిద్ధంగా ఉన్నదన్న సందేశం కనబడగానే ఒక్క మీట నొక్కి భోజనానికి లేచిపోతాం. అరగంటలో ఆ యంత్రపు అంతరంగంలో కొన్ని వందల భాగాలు మారిపోతాయి. ఎక్కువ పర్యాయాలు ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి మాత్రం తెర బొమ్మలా బిగుసుకుపోతుంది. అటువంటి సందర్భంలో తొందరపడి యంత్రానికి తలకొరివి పెట్టవద్దని విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సూరత్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి ఈ నగరంతో రెండు విధాలైన బంధుత్వం. ఒకటి హజీరా పరిసరాలలోని పరిశ్రమల ద్వారా మాబోటివారికి ఏర్పడినది. రెండవది అంతకంటె పాతది, లోతైనది. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ మొదలైన పేటలలో స్థిరపడి మరమగ్గాల మీద బ్రతుకు నేసుకుంటున్నాయి. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతూ వచ్చింది. నాకు పరిచయమైన అటువంటి ఒక కుటుంబంలో తండ్రి ఒక మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ, కుమార్తె ఇంజనీరింగు విద్యార్థిని.

2024 సెప్టెంబరులో ఒక సాయంకాలం ఆ తండ్రీకూతుళ్ళు ల్యాప్‌టాప్ పట్టుకొని మా ఇంటికి వచ్చారు. చదువు నిమిత్తం అమ్మాయి అందులో లినక్స్ వ్యవస్థను వాడుకుంటోంది. రెండు రోజుల క్రితం దానిని క్రొత్త రూపాంతరానికి మార్చింది. అప్పటి నుండి యంత్రం మామూలుగా తెరుచుకొని, పదో పదిహేనో నిమిషాలకు స్తంభించిపోతోంది. బాణం గుర్తు కదలదు, మీటలు పలుకవు. బజారులో ఒక మరమ్మతు దుకాణంలో చూపగా, ఫార్మాట్ చేస్తే సరి అన్నారట.

ఫార్మాట్ చేయడానికి తండ్రి జంకడంలో అర్థమున్నది. కార్ఖానాలో నలభైమంది పనివారు, అందులో అధికభాగం ఒడిశాలోని గంజాం జిల్లా నుండి వచ్చినవారు. నేసిన మీటర్లను బట్టి కూలి. ఎవరు ఏ రోజు ఎన్ని మీటర్లు నేశారన్న లెక్కను రాత్రివేళ కూతురి చేత ఆ ల్యాప్‌టాప్‌లోనే వ్రాయించేవాడు. పగారు రోజు ఎల్లుండి. లెక్క పోతే పనివాడి నోటిమాటకు, యజమాని అంచనాకు మధ్య ఆయన నిలబడాలి.

"సార్, డబ్బా పోతె పోనియ్యుండ్రి. లెక్కలు దొరికితె సాలు. గరీబోళ్ళ కూలి అది" అన్నాడాయన.

పేరుకు ల్యాప్‌టాప్ మరమ్మతే అయినా, ఆ మాట విన్న తరువాత అది నాకు ల్యాప్‌టాప్ మరమ్మతుగా కనబడలేదు.

"అమ్మా, ఆగిపోయినప్పుడు ఇంకేమైనా గమనించావా?" అని అడిగాను.

"ఒకటి విచిత్రం అంకుల్. పాట పెట్టుకొని రాసుకుంటుంటే తెర ఆగిపోయింది, పాట మాత్రం ఆగలేదు" అన్నది.

సగం రోగనిర్ణయం ఆ ఒక్క మాటలోనే ఉన్నది. కంప్యూటరును నాలుగంతస్తుల మేడగా ఊహించుకోవచ్చును. అడుగున యంత్రభాగాలు. వాటి మీద కెర్నెల్ అనబడే మూలవ్యవస్థ. దానికి పైన కిటికీలను, బాణం గుర్తును, బొమ్మలను నడిపే డెస్క్‌టాప్. అన్నింటికంటె పైన మనం వాడుకునే కార్యక్రమాలు. మనకు కనబడేది పై అంతస్తుల ముఖద్వారం మాత్రమే. అది మూసుకుపోగానే మేడ మొత్తం కూలినదని భ్రమపడతాం. కెర్నెల్ నిజంగా కుప్పకూలితే పాట సాగదు. నిశ్శబ్దమైనా ఆవరిస్తుంది, లేక అరిగిన రికార్డులా చివరి ముక్కే మ్రోగుతూ ఉంటుంది. పాట చక్కగా సాగుతున్నదంటే క్రింది అంతస్తులలో దీపం వెలుగుతున్నట్లే.

మన కంట్రోల్ రూములలో పనిచేసిన వారికి ఈ విషయం క్రొత్త కాదు. ఆపరేటర్ ముందున్న తెర స్తంభించినంత మాత్రాన ప్లాంటు ఆగదు. పీడనాన్ని, ఉష్ణోగ్రతను అదుపు చేసే కంట్రోలర్లు వేరుగా, తమ క్యాబినెట్లలో, తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి. అనుభవజ్ఞుడైన ఆపరేటర్ ప్రక్కనున్న తెర దగ్గరకు వెళ్ళి చూస్తాడు గాని, ఎమర్జెన్సీ మీట నొక్కడు.

మేము కూడా ఆ పద్ధతినే అనుసరించాము. యంత్రాన్ని తెరచి, పాట పెట్టి, స్తంభించేవరకు వేచి ఉన్నాము. పన్నెండవ నిమిషంలో తెర ఆగింది. మొదటి పరీక్షగా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను ఏకకాలంలో నొక్కాము. పై అంతస్తులోని ఏదో ఒక కార్యక్రమం మాత్రమే చిక్కుకొని ఉంటే, ఈ మీటలతో నల్లని అక్షరాల తెర ప్రత్యక్షమౌతుంది. అందులో ప్రవేశించి ఆ ఒక్క కార్యక్రమాన్ని ముగించవచ్చును. మాకు ఆ తెర రాలేదు. ఆ మీటల కోరికను అందుకొని తెర మార్చవలసినది డెస్క్‌టాప్ వ్యవస్థే గనుక, అదే బిగుసుకున్నదని అనుమానించడానికి ఆధారం దొరికింది. రెండవ పరీక్షగా నా కంప్యూటరు నుండి ఇంటి వైఫై ద్వారా దానికి పింగ్ సంకేతం పంపాను. వెంటనే బదులు వచ్చింది. అంటే కెర్నెల్ సజీవంగా ఉన్నది. లోపం మూడవ అంతస్తులోనో, దానిని రెండవ అంతస్తుతో కలిపే మెట్ల దగ్గరనో ఉన్నది.

ఇక యంత్రాన్ని ఆపవలసి ఉన్నది. పవర్ మీటను అదిమిపట్టి ఆపడం సులువే గాని, వ్రాతలో ఉన్న ఫైలు దెబ్బతినే అవకాశమున్నది. లినక్స్‌లో కెర్నెల్‌తో నేరుగా మాట్లాడే ఒక సదుపాయం ఉన్నది. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ మీటలను పట్టుకొని, కొద్ది క్షణాల వ్యవధితో వరుసగా ఎస్, యు, బి అక్షరాలను నొక్కాలి. మొదటిది జ్ఞాపకంలో మిగిలిన వ్రాతను డిస్కుకు చేరుస్తుంది, రెండవది డిస్కుపై ఇక వ్రాత జరుగకుండా తాళం వేస్తుంది, మూడవది యంత్రాన్ని పునఃప్రారంభిస్తుంది. కొన్ని వ్యవస్థలలో ఈ సదుపాయాన్ని పూర్తిగానో, కొంతవరకో నిరోధించి ఉంచుతారు. అమ్మాయి యంత్రంలో ఈ మూడూ పనిచేశాయి.

యంత్రం తిరిగి లేచే సమయంలో మొదటి పట్టికలోనే ఆపి, పాత కెర్నెల్‌ను ఎన్నుకున్నాము. క్రొత్త కెర్నెల్‌ను స్థాపించేటప్పుడు సాధారణంగా పాతదాన్ని వెంటనే తొలగించరు. ప్రక్కన నిలిపి ఉంచుతారు. దీనిని తండ్రికి ఎలా వివరించాలా అని నేను ఆలోచిస్తుండగా, ఆయనే అందుకున్నాడు.

"మాకు తెల్వనిదా సార్? చిన్నప్పుడు మా ఊర్ల మగ్గం మీద పడుగు అయిపోవస్తె, పాత పోగులు అచ్చుల ఉండంగనే కొత్త పడుగు అతుకుదురు. పాతది మొత్తం గుంజేస్తె, మళ్ళ ఒక్కొక్క పోగు అచ్చులకెల్లి తియ్యాలె. దినాలకు దినాలు పడ్తది."

అంతకంటె చక్కని వివరణ ఏ గ్రంథంలోనూ నాకు దొరకలేదు.

పాత కెర్నెల్‌తో యంత్రం నిలకడగా నడిచింది. మొట్టమొదట చేసిన పని లెక్కల ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. నా కంప్యూటరులో తెరచి చూస్తే ముందురోజు వరకు లెక్క పూర్తిగా ఉన్నది. ఆ రోజు లెక్కలు చిట్టీల మీద ఆయన జేబులోనే ఉన్నాయి. అంతవరకు కుర్చీ అంచున కూర్చున్న మనిషి వెనుకకు వాలి, మంచినీళ్ళు అడిగాడు. పగారుకు వచ్చిన ఆపద తొలగిపోయింది. అయినా లోపం ఎక్కడున్నదో తేలవలసి ఉన్నది.

మరి రెండు గంటలు నడిపినా తెర ఆగలేదు. యంత్రభాగాలు అవే, డిస్కు అదే, డెస్క్‌టాప్ అదే. మారినది కెర్నెల్ ఒక్కటే. ఒకేసారి ఒకే మార్పు చేయడంలోని లాభమిది. నాలుగు మార్పులు కలిపి చేస్తే రోగం తగ్గినా ఏ మందుకు తగ్గినదో తెలియదు.

అటుపిమ్మట యంత్రపు దినచర్యను తిరగవేశాము. జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశానికి క్రిందటి విడత నడకను చూపమని చెబితే, నిమిష సెకన్లతో సహా జరిగినదంతా వినిపిస్తుంది. అందులో రెండు వాక్యాలు కీలకమైనవి. యంత్రం లేచిన తొలి క్షణాలలోనే, క్రొత్త కెర్నెల్‌కు సరిపడే గ్రాఫిక్స్ డ్రైవర్ లభించలేదని ఒకటి. తెర ఆగిన నిమిషంలోనే, నిద్రలోకి జారిన గ్రాఫిక్స్ చిప్ మేల్కొనలేదని మరొకటి.

కథ విడిపోయింది. ఆ ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్నాయి. బ్యాటరీ పొదుపు కొరకు రెండవ చిప్‌ను పని లేనప్పుడు నిద్రపుచ్చుతారు. దాని డ్రైవర్‌ను ప్రతి క్రొత్త కెర్నెల్‌కు తగినట్లు మరల తయారు చేసుకోవాలి. అందుకు ఆ కెర్నెల్‌కు సంబంధించిన హెడర్ ఫైళ్ళు కావాలి. నవీకరణలో అవి స్థాపితం కాలేదు. అసలు డ్రైవర్ తయారు కాకపోవడంతో ప్రత్యామ్నాయ డ్రైవర్ బాధ్యత తీసుకున్నది. దానికి ఆ చిప్‌ను మేల్కొలిపే విద్య పూర్తిగా అబ్బలేదు. చిప్ లేవలేదు, దాని జవాబు కొరకు డెస్క్‌టాప్ నిలబడిపోయింది. తెర ఆగిపోయింది.

హెడర్ ఫైళ్ళు స్థాపించి, డ్రైవర్‌ను తిరిగి తయారుచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పాత కెర్నెల్‌తోనే కాలం గడపవచ్చును కదా అని అమ్మాయి అడిగింది. అది చేతికర్ర మాత్రమే. భద్రతా సవరణలు క్రొత్తదానికే వస్తాయి గనుక కాలు బాగుచేసుకోక తప్పదు. క్రొత్త కెర్నెల్‌తో మూడు రోజులు నిరాటంకంగా నడిచిన పిమ్మటనే యంత్రం బాగుపడినదని నిర్ణయించాము. ఈలోగా పగారు రోజు సజావుగా గడిచిపోయింది.

అంతకు రెండు నెలల ముందు, 2024 జూలై 19న, ఇదే పాఠాన్ని ప్రపంచమంతా నేర్చుకున్నది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన ఒక నవీకరణ వలన, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. మన విమానాశ్రయాలలో సైతం బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. కారణం తేలిన తరువాత చూస్తే, ఒక భాగం 21 విలువలను ఆశించగా మరొక భాగం 20 మాత్రమే అందించింది. ఇరవై పోగుల అచ్చులో ఇరవైయొకటవ పోగు కొరకు చెయ్యి పెట్టినట్లయింది. అక్కడ ప్రాణం పోసుకున్న యంత్రాలెన్నో ఫార్మాట్ అవసరం లేకుండానే, సేఫ్ మోడ్‌లో లేచి, ఒక్క దోషపూరితమైన ఫైలును తొలగించుకొని కోలుకున్నాయి. అక్కడ గాని, ఇక్కడ గాని, చెడినది యంత్రం కాదు. రెండు భాగాల మధ్య కుదరవలసిన పొత్తు కుదరలేదు.

మన కార్యాలయాలలో విండోస్ వాడేవారే అధికం గనుక వారికి కూడా రెండు మాటలు. తెర స్తంభించినప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మీటలతో బి అక్షరం కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. డివైస్ మేనేజర్‌లో డ్రైవర్‌ను వెనుకటి రూపానికి మరల్చే సదుపాయమున్నది. పెద్ద నవీకరణ తరువాత పాత రూపాంతరానికి మరలడానికి సాధారణంగా పది రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు దాటకముందే యంత్రం నడకను గమనించుకోవాలి.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునేవారు ఉండరు. కంప్యూటరు విషయంలో మాత్రం ఆ సలహా ఎంతో తేలికగా వినబడుతుంది. చెప్పేవారికి అది అరగంట పని. వినేవారికి ఏండ్ల తరబడి కూడబెట్టిన వ్రాత, ఒక్కొక్కసారి ఇతరుల కూలి కూడా. కనుక సహోద్యోగ మిత్రులకు నా మనవి ఇంతే. నవీకరణకు ముందు ముఖ్యమైన ఫైళ్ళను మరొకచోట భద్రపరచండి. తెర ఆగితే, ఆగినది ఏ అంతస్తో ముందు తెలుసుకోండి. యంత్రం తన రోగాన్ని తానే వ్రాసిపెట్టుకుంటుంది, దానిని చదవండి. ఒకేసారి ఒకే మార్పు చేయండి. క్రొత్త పడుగు గట్టిగా అతికినదని నమ్మకం కలిగేవరకు, అచ్చులోని పాత పోగులను లాగివేయకండి.