సున్నపు ఊళ్లో పత్తికాయ విప్పి చూస్తే

పిడుగురాళ్ల పేరు చెబితే ఎవరికైనా ముందు తోచేది సున్నం. ఊరు ఇంకా రాకముందే బట్టీల పొగ కనిపిస్తుంది. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి దుమ్ము పేరుకుని ఉంటుంది. బట్టీలు దాటి నల్లరేగడి చేలల్లోకి దిగితే మరో తెలుపు, పత్తి. నేను చూసిన డిసెంబరు నాటికి కొన్ని చేలల్లో రెండో తీత, కొన్నిట్లో మూడో తీత నడుస్తోంది. ఒడికి కట్టుకున్న గుడ్డల్లోకి పత్తి తీస్తూ ఆడకూలీలు సాళ్ల వెంట వంగి కదులుతున్నారు. చూడటానికి పాతకాలపు పల్నాడు దృశ్యమే. కానీ ఆ సాళ్లలో ఉన్న దాదాపు ప్రతి మొక్కలోనూ ఒక మట్టి బాక్టీరియా జన్యువు ఉంది. డీఎన్‌ఏను కోసి, అతికి, ఒక జీవి జన్యువును మరో జీవిలో పనిచేయించే విద్య తెలుగు రైతు చేతికి అనుమతితో అందిన రూపం ఇదొక్కటే. ఆ విద్య ప్రయోగశాలలో ఎలా పనిచేస్తుందో పాఠ్యపుస్తకాలు చెబుతాయి. చేలో అది కొంత గెలిచి, కొంత ఎందుకు ఓడిందన్నది మాత్రం ఇక్కడికొచ్చి కాయ విప్పి చూస్తేనే అర్థమవుతుంది. ఓడింది జన్యువు కాదనీ, ఆ జన్యువును మనం పోసిన పాత్ర సరైనది కాదనీ నా అభిప్రాయం. పాత్ర అంటే హైబ్రిడ్ విత్తనం, దానితోపాటు వచ్చిన సుదీర్ఘమైన పంటకాలం.

ముందు జన్యువు సంగతి. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా స్ఫటికంలాంటి ఒక ప్రొటీన్ తయారుచేస్తుంది. ఆ బాక్టీరియా పేరులోని పొడి అక్షరాలే బీటీ. లద్దెపురుగు జాతి ఆ ప్రొటీన్‌ను తింటే ఆ స్ఫటికం దాని పేగులో కరిగి, పేగు గోడకు అతుక్కుని, చిల్లులు పెడుతుంది. పురుగు తిండి మానేసి చస్తుంది. కరగడానికి క్షారం కావాలి. లద్దెపురుగు పేగులో అది పుష్కలంగా ఉంటుంది. సున్నపు తేటంత ఘాటు కాకపోయినా ఆ దారిలోదే. మన కడుపులో ఉండేది ఆమ్లం. పైగా ఆ ప్రొటీన్ అతుక్కునే కొక్కేలు మన పేగులకు లేవు. బీటీ పత్తి గింజల నూనె, చెక్క గురించి భయపడేవాళ్లకు సున్నపు ఊళ్లో ఈ మాట చెప్పడం తేలిక. ఇక కోత, అతుకుల సంగతి. 1973లో అమెరికాలో కోహెన్, బోయర్‌ల బృందాలు డీఎన్‌ఏను ఎంజైముతో కోసి, వేరే ముక్కను అతికి, బాక్టీరియాలో పెంచి చూపించాయి. పత్తి విషయంలో బాక్టీరియా జన్యువును మొక్కకు అర్థమయ్యేలా తిరగరాసి, దాని ముందు కాలీఫ్లవర్‌కు తెగులు తెచ్చే ఒక వైరస్ నుంచి తీసిన మీట తగిలించారు. ఆ మీట ఉంటేనే జన్యువు మొక్క అంతటా పనిచేస్తుంది. దాన్ని మొక్క కణంలోకి మోసుకెళ్లింది మరో మట్టి బాక్టీరియా, ఆగ్రోబాక్టీరియం. మొక్కల్లోకి తన డీఎన్‌ఏను చొప్పించడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇదంతా జరిగింది కోకర్ 312 అనే అమెరికా రకంలో. కణాన్నుంచి పూర్తి మొక్కగా తిరిగి పెరగగల పత్తి రకాల్లో అది ముందుంటుంది. అక్కణ్నుంచి తరాల తరబడి సంకరం చేసి మన రకాల్లోకి తెచ్చారు.

ఇదే కోత, ఇదే అతుకు 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ చేతిలో హెపటైటిస్-బి టీకాగా వచ్చింది. వైరస్ జన్యువును ఈస్టులో పెట్టి, ప్రొటీన్ తయారుచేయించి, శుద్ధిచేసి, మైక్రోగ్రాముల లెక్కన సీసాల్లో నింపారు. ఏ సీసా తీసుకున్నా మోతాదు ఒకటే. పత్తిచేలో శుద్ధిచేసే గది లేదు, కొలిచే సీసా లేదు. మొక్కే కార్ఖానా, ఆకే సీసా. మొక్క వయసు నూరు రోజులు దాటేకొద్దీ మొదటి జన్యువు క్రై1ఏసీ ఇచ్చే ప్రొటీన్ తగ్గిపోతుంది. లేత ఆకులో ఉన్నంత పువ్వులో, కాయలో ఉండదు. పురుగు తినేదేమో పువ్వు, కాయ. కాబట్టి ఈ విద్య పత్తిలో పనిచేసిందా లేదా అని అడగడం కన్నా, ఎన్నో రోజున, మొక్కలో ఏ భాగంలో, ఎంత ఉంది అని అడగాలి. ప్రయోగశాలలో ఈ ప్రశ్న అడక్కుండా ఒక్క రోజు గడవదు. చేలో ఇరవై ఏళ్లు గడిచాయి.

గుంటూరు, ప్రకాశం పత్తి ఈ జన్యువు కోసం ఎందుకు ఎదురుచూసిందో తెలియాలంటే 1980ల నడుమ దాకా వెనక్కి వెళ్లాలి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా కొట్టిన చేలల్లో ముందు తెల్లదోమ, ఆ తర్వాత శనగపచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. మందు పెరిగింది, పురుగుకు మందు పట్టడం మానేసింది, అప్పు మిగిలింది. 1997-98లో ఉమ్మడి రాష్ట్రంలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటికీ వార్తయ్యాయి. 2002 మార్చిలో కేంద్రం మూడు బీటీ హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, 2005లో, ఆ మూడింటికీ ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు; ఇక్కడి నేలకు, వానకు అవి నిలవలేదు. తరవాత వచ్చిన బన్నీ, మల్లిక వంటి హైబ్రిడ్లలో ఉన్నదీ అదే జన్యువు. వాటి కోసం రైతులు ఎగబడ్డారు. జన్యువు మారలేదు, దాన్ని మోసే మొక్క మారింది. నా వాదనకు మొదటి సాక్ష్యం ఇదే, ఆశ్చర్యంగా దీన్ని ఇటు కంపెనీలూ అటు వ్యతిరేకులూ ఇద్దరూ మరిచిపోతారు. దేశంలో హెక్టారుకు సుమారు 300 కిలోలున్న దూది దిగుబడి 2007-08 నాటికి 550 కిలోలు దాటింది. అదంతా బీటీ ఘనత అంటే ఒప్పుకోను. అదే కాలంలో కొత్త పురుగుమందులు, ఎక్కువ ఎరువు, మంచి వానలు, కొత్త హైబ్రిడ్లు కలిసివచ్చాయి. కానీ శనగపచ్చ పురుగు భయం తగ్గిన మాట కాదనలేం.

మరి పిడుగురాళ్ల చేలల్లో ఇప్పుడు కనపడుతున్న ఈ గుడ్డిపూలు ఏమిటి? రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న పువ్వు విప్పితే లోపల గులాబీ పురుగు ఉంటుంది. కాయ విప్పితే పైకి ఏ దెబ్బా కనిపించదు. లోపల గింజ గుల్ల, దూది రంగుమారి ఉంటుంది. మొదటి జన్యువుకు ఈ పురుగు లొంగడం లేదని గుజరాత్‌లో 2010 నాటికి తేలింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీజీ-2 పత్తికీ 2014-15 నాటికి అదే గతి పట్టింది. ఎందుకో తెలియాలంటే కాయలోని గింజలు లెక్కపెట్టాలి. హైబ్రిడ్‌కు సాధారణంగా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే బీటీ వస్తుంది. అంటే మొక్కలో ఆ జన్యువు జతగా ఉండదు, ఒంటిగా ఉంటుంది. మొక్క ఆకులో, కాయ తొక్కలో విషం ఉంటుంది గానీ, లోపలి గింజలు మరుసటి తరం. అక్కడ మెండెల్ లెక్క మొదలవుతుంది. రెండు జన్యువులూ వేరువేరు చోట్ల ఉన్నాయి కాబట్టి ముప్పైరెండు గింజల కాయలో సగటున 18 గింజల్లో రెండు విషాలూ, ఆరింటిలో ఒకటి, మరో ఆరింటిలో రెండోది ఉంటాయి. రెండు గింజల్లో ఏదీ ఉండదు. శనగపచ్చ పురుగు ఆకూ మొగ్గా కాయా కలిపి తింటుంది. గులాబీ పురుగు తినేది గింజ. ఆ కాయలోనే కూర్చుని, ఒక గింజలో సగం మోతాదు, మరో గింజలో పూర్తి మోతాదు, ఇంకో దానిలో ఏమీ లేని తిండి రుచి చూస్తూ పెరుగుతుంది; తట్టుకున్నవి బతికి, రెక్కల పురుగులై, తట్టుకునే పిల్లల్ని కంటాయి. విషానికి అలవాటు పడాలనుకునే పురుగుకు ఇంతకన్నా మంచి బడి కట్టలేం.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. విషం లేని ఆ గింజలే పురుగుకు ఆశ్రయం కదా. అక్కడ బతికిన మామూలు పురుగులు తట్టుకున్న పురుగులతో కలిసి, పిల్లల్లో ఆ తట్టుకునే గుణాన్ని పలచన చేస్తాయి కదా అని. చైనా యాంగ్జీ లోయలో జరిగింది సరిగ్గా ఇదే: అక్కడ రైతులు హైబ్రిడ్‌ల రెండో తరం గింజ వేశారు, నాలుగో వంతు మొక్కలు బీటీ లేనివి వచ్చాయి, గులాబీ పురుగులో నిరోధకత వెనక్కి తగ్గింది. నేను ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ తేడా గమనించాలి. అక్కడ ఆశ్రయం మొక్క మొక్కంతా. ఆ మొక్క మీద పుట్టిన పురుగు విషం అన్న మాటే ఎరగదు. ఇక్కడ ఆశ్రయం ఒక కాయలో రెండు మూడు గింజలు, పక్క గింజ విషపుది. ఇది చెరువు కాదు, బురద. శాస్త్రజ్ఞుల్లో ఈ విషయం మీద భేదాభిప్రాయం ఉంది. అయితే మన చేలల్లో వచ్చిన ఫలితం ఏ వైపు మొగ్గుతోందో కాయే చెబుతోంది.

రెండో అభ్యంతరం వ్యవసాయ శాఖ మనుషులూ, కంపెనీవాళ్లూ ఒకే గొంతుతో చెప్పేది: ప్యాకెట్టుతో పాటు ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ గింజను రైతు గట్ల వెంట నాటలేదు, పత్తి మార్చి దాకా ఉంచాడు, కట్టెను ఇంటి పక్క వామి వేశాడు, తప్పు అతనిదే. నాటని మాట నిజం. కట్టెల మోపుల్లో పురుగు కోశాలు దాక్కునే మాటా నిజం. పొయ్యిలోకి అవే కావాలి మరి. కానీ రెండెకరాల కౌలు చేలో అయిదు సాళ్లు పురుగుకు వదిలేయమనడం ఎవరికైనా సులువా? 2020 నుంచి ఆ గింజను బీటీ గింజలోనే కలిపి, 475 గ్రాముల ప్యాకెట్‌గా అమ్మడం మొదలుపెట్టారు. దాన్ని బట్టే పాత ఏర్పాటు ఎంత పనిచేసిందో ఊహించుకోవచ్చు. ఇక సుదీర్ఘ పంటకాలం రైతు కనిపెట్టింది కాదు. హైబ్రిడ్ గింజ ఖరీదు, అందుకే మొక్కకూ మొక్కకూ ఎడం ఎక్కువ. ఎడం ఎక్కువైతే మొక్క గుబురుగా పెరిగి నెలల తరబడి కాస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో బీటీని హైబ్రిడ్ కాని సూటి రకాల్లో పెట్టారు. జన్యువు జతగా ఉంటుంది, గింజ గింజలోనూ విషం ఉంటుంది, మొక్కలు దగ్గర దగ్గరగా వేసి త్వరగా కోసేస్తారు. అమెరికా ఆ రకాలకు గొడ్డు రెక్కల పురుగుల విడుదలను జోడించి, 2018లో తన పత్తి నుంచి గులాబీ పురుగు నిర్మూలన అయిందని ప్రకటించింది. సూటి రకంలో గింజ దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. హైబ్రిడ్‌లో ఏటా కొనాలి. ఇక్కడ హైబ్రిడ్ ఎందుకు వచ్చిందో చెప్పడానికి నా దగ్గర ఇంతకన్నా మర్యాదైన కారణం లేదు. 2006లో 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయల పైన పలుకుతుంటే, అందులో 1,250 జన్యువు మీద వసూలు చేసే రుసుమే అని రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య కమిషన్‌కు వెళ్లి, ధరను 750కి దించిన కథ విత్తన కొట్లవాళ్లు మరచిపోలేదు. ధర తగ్గింది, పాత్ర మాత్రం మారలేదు.

ఇక బీటీ వద్దే వద్దు, పాత రకాలకు వెళదాం అనేవాళ్లు ఈ చేల మధ్య నిలబడి 1987 నాటి శనగపచ్చ పురుగు లెక్క చూడాలి. మరో కొత్త జన్యువు తెస్తే సరి అనేవాళ్లకూ ఇక్కడ జవాబు ఉంది. గడ్డిమందును తట్టుకునే పత్తి, ఊళ్లో బీజీ-3 అని పిలుచుకునేది, అనుమతి లేకుండానే 2017లో రాష్ట్రంలో బయటపడింది. గడ్డి పని తగ్గిస్తుందేమో గానీ గులాబీ పురుగుకు దానితో పనే లేదు. పత్తి వదిలి మిర్చికి వెళ్లినవాళ్లకు 2021-22లో నల్ల తామరపురుగు ఎదురైంది. రసం పీల్చే పురుగుకు బీటీ ప్రొటీన్ పనిచేయదు, మిర్చిలో ఆ జన్యువే లేదు. పత్తిలోనూ తెల్లదోమ, పచ్చదోమ, పేనుబంకలకు ఈ రోజుకీ మందు కొట్టాల్సిందే.

లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇక్కణ్నుంచి సత్తెనపల్లి దారిలో రెండు గంటల ప్రయాణం కూడా లేదు. నేను అడిగేదల్లా, పల్నాడు రేగడికి 140-150 రోజుల్లో పూర్తయ్యే, దగ్గర దగ్గరగా వేసుకునే, జన్యువు జతగా ఉన్న సూటి రకం. మొదటి జన్యువుకు ఈ దేశంలో పేటెంట్ లేదు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని సూటి రకాల్లో పెట్టి చూపించింది కూడా. గులాబీ పురుగు ఆ జన్యువుకు అలవాటు పడింది గదా అంటే, అవును; అందుకే తక్కువ రోజుల పంట ముఖ్యం, ఎందుకంటే ఆ పురుగు ఉధృతి నవంబరు తరవాతే పెరుగుతుంది. అలాంటి రకం వచ్చేదాకా, వచ్చే జూన్‌లో కొట్టు ముందు నిలబడే రైతుకు ఒక్క మనవి: ప్యాకెట్ మీద మొలక శాతం, జన్యు స్వచ్ఛత చూసినట్టే, పంట ఎన్ని రోజులదో కూడా అడగండి. ఆకు రసంలో ముంచే పరీక్ష పట్టీ మీద రెండో గీత పడితే బీటీ ఉందని మాత్రమే తెలుస్తుంది. ఎంత ఉందో, ఎన్నాళ్లు ఉంటుందో ఆ గీత చెప్పదు.