దాపరికం లేని హృదయం

దేవునికి లోబడటం అనగానే మన ఊహ పెద్ద త్యాగాల వైపు పోతుంది. ఇల్లూ వాకిలీ విడిచి వెళ్లినవారూ, ప్రాణం మీదికి వచ్చినా విశ్వాసం వదలనివారూ గుర్తుకొస్తారు. బైబిలులోని నయమాను కథ ఈ ఊహను మెల్లగా సరిదిద్దుతుంది. సిరియా సేనాధిపతి అయిన నయమాను కుష్ఠు నయం చేసుకోవాలని వెండి, బంగారం, పది జతల బట్టలు వెంట తెచ్చుకున్నాడు. ఎలీషా ప్రవక్త గుమ్మం దాటి బయటకైనా రాలేదు. యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. సేనాధిపతికి కోపం వచ్చింది. దమస్కులో ఇంతకంటె మంచి నదులున్నాయని వెనుదిరిగాడు. ఏదైనా గొప్ప పని చెప్పి ఉంటే చేసేవారే కదా అని దాసులు నచ్చజెప్పాక గానీ నీళ్లలో దిగలేదు. కష్టమైన ఆజ్ఞలో మనిషి గొప్పతనానికి కాస్త చోటుంటుంది. సులువైన ఆజ్ఞలో ఆ చోటు ఉండదు. అందుకే సులువైనదే మనకు కష్టమవుతుంది.

రోజువారీ బతుకులో యొర్దానులు ఇలాంటివే. పొలం అమ్మినప్పుడు దస్తావేజులో అసలు ధర రాయించడం, తూకంలో ముల్లు నిలిచేదాకా ఆగడం, పాలు పోసే మనిషికి అడగకముందే నెల డబ్బు ఇవ్వడం, కోపంలో అన్న మాటకు ఇంట్లో చిన్నవాళ్లనైనా క్షమాపణ అడగడం. వీటిలో ఏదీ సాక్ష్యంగా చెప్పుకునేంత పెద్దది కాదు. ఉజ్జీవ కూడికలో లేచి నిలబడి, ఫలానా దస్తావేజులో నిజం రాయించానని ఎవరూ చెప్పరు. చూసేవాళ్లు లేనిచోట విధేయత కష్టమని అనుకుంటాం. నిజానికి అక్కడ ఒక బరువు తగ్గుతుంది: మెప్పు కోసం చేస్తున్నామా అన్న అనుమానం దరి చేరదు.

మత్తయి సువార్త 21వ అధ్యాయంలో యేసు ఇద్దరు కుమారుల కథ చెప్పాడు. ద్రాక్షతోటలో పనిచేయమని తండ్రి ఇద్దరినీ అడిగాడు. ఒకడు వెళ్లనన్నాడు, తర్వాత మనసు మార్చుకొని వెళ్లాడు. ఇంకొకడు వెళ్తానన్నాడు, వెళ్లలేదు. వెంటనే సరేనని వెంటనే వెళ్లిన కుమారుడు ఈ కథలో లేడు. అలాంటివాడు ఎంత అరుదో కథ చెప్పినవానికి తెలుసు. వెళ్లనన్నది తప్పే. కానీ ఆ మాట తండ్రి ముఖం చూసి చెప్పినది. తాను కాదన్నానని అతనికి తెలుసు గనుక వెనక్కి తిరిగే దారి తెరిచే ఉంది. సరేనన్నవాడికి ఆ దారి కనబడదు, ఎందుకంటే తాను కాదన్నట్టు అతనికే తెలియదు.

అపొస్తలుల కార్యములలోని అననీయ, సప్పీరా కథ దీనికి మరో పార్శ్వం. భార్యాభర్తలు పొలం అమ్మి, వచ్చిన వెలలో కొంత దాచుకున్నారు; మిగిలినది అననీయ తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. అమ్మకముందు పొలం వారిదే, అమ్మాక సొమ్ము కూడా వారి వశంలోదే అని పేతురు స్పష్టంగా చెప్పాడు. అంటే మొత్తం తెమ్మని ఎవరూ అడగలేదు. కొంతను కొంతగానే చెప్పి ఇచ్చి ఉంటే అది మంచి కానుకే అయ్యేది. మొత్తమని చూపడం వల్ల అబద్ధమైంది. విధేయత సంపూర్ణమో కాదో ఇచ్చినదాని పరిమాణం తేల్చదు. దాచినది ఉందా లేదా అన్నదే తేలుస్తుంది.

వేరే కోరిక పుట్టని హృదయమే పూర్ణహృదయం అనుకుంటే గెత్సేమనే తోట మనకు అర్థం కాదు. అక్కడ యేసు మూడుమార్లు ప్రార్థించాడు. శ్రమల గిన్నె తొలగిపోతే బాగుండునన్న కోరికను తండ్రి దగ్గర దాచలేదు. దానిని తండ్రి చిత్తం ముందు ఉంచి, లేచి వెళ్లాడు. క్రైస్తవులు విధేయతకు చూపే పరమ మాదిరి ఇది. అందులో చెమట ఉంది, దుఃఖం ఉంది. అభ్యంతరాన్ని ఇంట్లో వదిలి ప్రార్థనకు వెళ్లేవాడు హృదయంలో ఒక ముక్కను ఇంట్లోనే వదిలినట్టు. దాన్ని కూడా వెంట తీసుకువెళ్లినవాడే హృదయాన్నంతా తీసుకువెళ్లినవాడు.

ఇలా ఏదీ దాచని విధేయతకు రోజువారీ రూపంగా తెలుగు సంఘాలలో పిడికెడు బియ్యం అలవాటు ఒకటుంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య నడిపిన దోర్నకల్ అధ్యక్ష ఖండంలో పేద కుటుంబాల స్త్రీలు ఈ కానుకను నిష్ఠగా పాటించారు. వంటకు గింజలు తీసినప్పుడల్లా ఒక పిడికెడు విడిగా ఉంచి గుడికి సమర్పించేవారు. తిన్నాక మిగిలితే ఇద్దామనుకుంటే పేద ఇంట్లో ఎన్నడూ మిగలదు. అందుకే ఆ పిడికెడు ఎసట్లో పోయకముందే తీయాలి. పిడికిలి నిండుగా ఉందో వదులుగా ఉందో చూడటానికి వంటింట్లో ఎవరూ ఉండరు. నిన్న ఇచ్చిన పిడికెడు ఈ పూటకు చెల్లదు. ఎంత చిన్నదైనా ఇందులో విధేయతకు కావలసినదంతా ఉంది.

బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా, సహోదరునికి తనమీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడాలని యేసు కొండమీది ప్రసంగంలో బోధించాడు. దేవుడు తనకు రావలసిన కానుకను ఆపి మరీ మనిషిని తోడబుట్టినవాడి ఇంటికి పంపుతున్నాడు. గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములు ఒకే గుడిలో వేర్వేరు వరుసల్లో కూర్చొని ఒకే కీర్తన పాడుతుంటారు. మనసు కుదిరాక వెళ్దామని ఇద్దరూ అనుకుంటారు; ఏళ్లు గడిచిపోతాయి. మనసు కుదరలేదన్న సంగతి దేవునితో చెప్పి, ఆ కుదరని మనసుతోనే బయలుదేరవచ్చు. అలాంటి గడప ఒకటి మీకూ ఉంటే, వచ్చే ఆదివారంలోగా తొక్కి రండి.